డోర్నకల్ బిషప్పు అజరయ్య: ఆస్తికలోకము చదువవలసిన ఒక జీవితము

ధర్మజిజ్ఞాసువులకు పరమతాచార్యుల జీవితచరిత్రలు పఠనీయములా కావా అను ప్రశ్న తఱచుగా వినబడుచుండును. కావని కొందఱి మతము. అయితే పూర్వపక్షమును సమగ్రముగా ఎఱుగనిదే సిద్ధాంతము నిలువదని శాస్త్రసంప్రదాయము. శంకరభగవత్పాదులు, రామానుజాచార్యులు, మధ్వాచార్యులు మువ్వురును ప్రతిపక్షమును దాని బలముతోడనే నిలిపి, పిమ్మట సమాధానము చెప్పిరి. ప్రతిపక్షమును దుర్బలముగా చూపి గెలుచుట వాదము కాదు, జల్పము. ఈ దృష్టితో చూచినచో, తెలుగునేలపై ముప్పది రెండేండ్లు ఆంగ్లికన్ బిషప్పుగా నుండిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య జీవితము ఆస్తికులు తప్పక పరిశీలింపదగినది. ఆ జీవితము హిందూసమాజమును ఒక ప్రశ్న అడిగినది. ఆ ప్రశ్నకు సమాధానము నేటికిని సంపూర్ణముగా లభింపలేదు.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెళ్ళాలన్‌విళై అను పల్లెలో జన్మించెను. తండ్రి థామస్ వేదనాయకం హిందూకుటుంబమున పుట్టి, యౌవనమున క్రైస్తవమును స్వీకరించి, ఆ పల్లెలోనే ఆంగ్లికన్ సంఘపురోహితుడుగా నుండెను. తమిళక్రైస్తవులు తమ మతగ్రంథమును 'వేదము' అనియే వ్యవహరింతురు. కావున 'వేదనాయకం' అను పేరు వారిలో ప్రసిద్ధము. 'అజరయ్య' అనునది హీబ్రూ నామము. దేవుడు సహాయము చేసెనని దాని యర్థము. ఒకే మనుష్యుని నామధేయమున సంస్కృతశబ్దమును హీబ్రూశబ్దమును ఇట్లు కలసియుండుట ఆయన జీవితమునకు తగియేయున్నది.

ఆ కుటుంబము నాడార్ల కులమునకు చెందినది. తాటిచెట్లెక్కి కల్లు, బెల్లము తీయుట ఆ కులములో అనేకుల వృత్తి. ఆ దినములలో వారికి దేవాలయప్రవేశము నిషిద్ధము. రామనాథపుర సంస్థానమునందలి కముది గ్రామమున 1897లో కొందఱు నాడార్లు మీనాక్షీసుందరేశ్వరాలయమున ప్రవేశించి పూజ చేసిరి. ఆలయధర్మకర్తయైన రామనాథపురప్రభువు దావా వేసెను. వ్యవహారము న్యాయస్థానములన్నింటను సాగి, తుదకు లండనులోని ప్రివీకౌన్సిలు 1908లో నాడార్లకు ఆ యాలయప్రవేశాధికారము లేదని తీర్పు చెప్పెను. ఈశ్వరదర్శనమును కోరి వచ్చినవారిని వారించుటకు ఆస్తికులు పరదేశీయుల న్యాయస్థానముల నాశ్రయించిరి. ఆ తీర్పు వెలువడిన నాలుగేండ్లకే ఆ కులమున పుట్టినవాడొకడు ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పీఠమెక్కెను. ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన నుంచి చూడని యెడల అజరయ్య చరిత్ర అర్థము కాదు.

ఆయన మదరాసు క్రిస్టియన్ కళాశాలలో చదివెను గాని పట్టము పొందలేదు. 1895 మొదలు 1909 వఱకు క్రైస్తవయువజనసంఘమున కార్యదర్శిగా దక్షిణదేశమెల్ల తిరిగెను. ఆ సంచారములో ఆయన గ్రహించిన విషయము ఒకటి కలదు. భారతదేశములోని క్రైస్తవసంఘము విదేశీయుల ధనముపై, విదేశీయుల ఆజ్ఞపై ఆధారపడి యున్నంతకాలము ఆ సంఘమునకు స్వత్వము లేదని ఆయనకు తోచినది. కావున 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ ధనముతో, తమ మనుష్యులతో నడుపునట్టి ఒక ప్రచారసంస్థ నేర్పాటు చేయుటలో ముఖ్యుడయ్యెను. 1905లో శ్రీరామపురమున అఖిలభారతస్థాయిలో అట్టిదే మఱియొక సంస్థ స్థాపితమైనది. బెంగాలులో స్వదేశీవ్రతము ఆరంభమైన సంవత్సరమే అది. కాలధర్మము ఎల్లవారిని ఒకే రీతిగా స్పృశించుచుండెనని దీనివలన తెలియుచున్నది.

తిరునెల్వేలి సంస్థ తన కార్యక్షేత్రముగా నిజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతమును ఎన్నుకొన్నది. 1909లో గురుపట్టాభిషిక్తుడై అజరయ్య అచ్చటికి వచ్చెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పది యైదు. ఉన్నతోద్యోగమును, నగరనివాసమును విడిచి, తనది కాని భాషను బాలునివలె మొదటినుండి నేర్చి, తెలుగున బోధింప పూనుకొనెను. పరభాషను నేర్చుట వినయమునకు పరీక్ష. ఆ పరీక్షలో ఆయన ఉత్తీర్ణుడయ్యెననుట నిర్వివాదము.

1910లో ఎడింబరో నగరమున ప్రపంచ క్రైస్తవప్రచారకుల మహాసభ జరిగినది. అచ్చట అజరయ్య చేసిన ప్రసంగము నేటికిని స్మరింపబడుచున్నది. ఐరోపీయులు భారతీయక్రైస్తవుల కొఱకు తమ ధనమును, దేహమును, ప్రాణమును సైతము త్యాగము చేసిరని ఆయన అంగీకరించెను. అయితే వారిలో అనేకులు భారతీయసహోద్యోగితో కలసి భుజింపరనియు, ఇంటికి పిలువరనియు, సమానుడుగా చూడరనియు నిర్మొగమాటముగా చెప్పి, తమకు కావలసినది ఆ స్నేహమేయని ముగించెను. సభలో కలకలము పుట్టినది. కొందఱికి కోపము వచ్చినది. దాతకును గ్రహీతకును నడుమ స్నేహము లేని దానము గ్రహీతను లఘువుగా చేయునను సత్యము ఆ ప్రసంగసారము. ఈ సత్యము ఏ యొక్క మతమునకు పరిమితము కాదు. దేవాలయములందు అన్నదానము చేయువారును దీనిని మననము చేయవలెను.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ ప్రధానాలయమున ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికన్ సంఘమున బిషప్పైన ప్రథమభారతీయుడు ఆయనయే. ఐరోపీయ ప్రచారకులలో పెక్కుమంది ఈ నియామకమును వ్యతిరేకించిరి. నల్లవాని క్రింద తెల్లవారు పనిచేయవలసివచ్చునను భయము అందులకు మూలము. భారతీయక్రైస్తవులలో సైతము కొందఱు వ్యతిరేకించిరి. మొదట ఆయన యధికారపరిధి స్వల్పము. తరువాతి దశకమున కృష్ణామండలము మొదలైన ప్రాంతములు చేరి అది విశాలమైనది. 1940 నాటికి ఆ పరిధిలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటినది. వీరిలో అత్యధికులు మాల, మాదిగ పల్లెలవారు.

ఇచ్చట ఆస్తికలోకమున ఒక వాదము స్థిరపడి యున్నది. ఈ మతాంతరీకరణమంతయు ధనలోభమువలనను, రాజబలమువలనను జరిగినదని ఆ వాదము. ఇందు సత్యాంశము లేకపోలేదు. క్షామకాలమున అన్నము, పాఠశాల, ఆసుపత్రి, దొరలయొద్ద మాటచెల్లుబడి జనులను ఆకర్షించినమాట నిజము. 1930 వఱకు భారతదేశములోని ఆంగ్లికన్ సంఘము ఇంగ్లండు సంఘమునకు అంగముగా, రాజశాసనబద్ధముగా నుండినమాటయు నిజము. కాని ఈ హేతువులతోనే సర్వమును వివరింపబూనుట న్యాయము కాదు.

డోర్నకల్ బ్రిటిషువారి భూమి గాదు, నిజాము రాజ్యము. ఆ పల్లెలలో కూలివాని బ్రతుకు దొరవారి చేతిలో గాక భూస్వామి చేతిలో నుండెను. క్రైస్తవుడైనవాడు ఆదివారము పనికి రాననుట, చచ్చిన పశువును ఎత్తననుట, జాతరలో డప్పు కొట్టననుట భూస్వామికి ఆగ్రహకారణములు. దెబ్బలు, పని లేకపోవుట, గుడిసెనుండి వెడలగొట్టబడుట అందులకు ఫలములు. మఱియు అజరయ్య నడిపిన సంఘము ఇచ్చుటకంటె అడుగుటయే ఎక్కువ. దరిద్రుడైనను తన సంపాదనలో భాగము సంఘమునకు ఈయవలెనని ఆయన నిరంతరము బోధించెను; దానధర్మముపై ఒక గ్రంథమే రచించెను. వంట చేయుటకు ముందు పిడికెడు బియ్యము తీసి ప్రక్కన నుంచు ఆచారము పేదయిండ్లలో నిలిచినది. జ్ఞానస్నానము పొందువారు తమ తలపై తామే చేయియిడుకొని, తాము పొందినదానిని ఇతరులకు బోధింపకున్న తమకు శ్రేయస్సు లేదని పలుకవలసియుండెడిది. కేవలలోభముతో వచ్చినవాడు ఇన్ని నియమములను సహింపడు. వారికి లభించినదేదో బియ్యముకంటె గొప్పది. తాను ఇచ్చుటకు అర్హుడనను భావము, తాను బోధించుటకు అర్హుడనను భావము వారికి లభించినవి. తరతరములుగా ఎవడును వారికి ఈ రెండు అర్హతలను చెప్పియుండలేదు.

ఉపాధ్యాయుడు మాలపల్లెలోనే, మాదిగపల్లెలోనే నివసించెను. రాత్రివేళ, కూలిపని ముగిసిన పిదప, దీపమువెలుగున అక్షరములు నేర్పెను. బిషప్పు స్వయముగా ఎడ్లబండిపై, కాలినడకను ఊరూరు తిరిగి ఆ గుడిసెల ముంగిట కూర్చుండెను. మద్యపానమును మానుడని, శుచిగా నుండుడని, కలహములు విడువుడని చెప్పెను. భార్య అంబు అమ్మాళ్ స్త్రీల నడుమ పనిచేసెను. ఆ కాలముననే సమీపగ్రామములలో వేదపారాయణములు, పురాణకాలక్షేపములు, సప్తాహములు జరుగుచునేయుండెను. భాగవతములో గజేంద్రుని మొఱ విని వైకుంఠమును విడిచి పరువెత్తిన స్వామికథ రమ్యముగా చెప్పబడుచునేయుండెను. ఆ కథ ఊరి వెలుపలి వాడకు చేరలేదు. చేర్పుటకు ఎవడును బయలుదేరలేదు.

1930ల దశకమున మహాత్మాగాంధీకిని అజరయ్యకును నడుమ అభిప్రాయభేదము తీవ్రమైనది. 1935లో అంబేద్కరు తాను హిందువుగా మరణింపనని ప్రకటించిన తరువాత ఈ విషయము దేశమంతట చర్చనీయమైనది. మతము మార్చు ఉద్దేశము లేకయే సేవ చేయవలెనని, ఎవరి ధర్మమున వారు ఉన్నతులు కావలెనని గాంధీ మతము. తాను పరమసత్యమని నమ్మినదానిని దాచుట సాధ్యము కాదని, దానిని స్వీకరించుటకు నిరుపేదకును స్వాతంత్ర్యము కలదని అజరయ్య మతము. గాంధీ వాదమున ఉదాత్తభాగము కలదు: సేవను పరమార్థముగా గాక ఉపాయముగా వాడుట సేవను మలినము చేయును. ఆ వాదములో దుర్బలభాగమును కలదు. హరిజనులు మతతత్త్వమును విచారించి నిర్ణయించుకొనగల స్థితిలో లేరని ఆయన పలుమాఱులు చెప్పెను.

ఈ మాట వేదాంతమునకు సమ్మతము కాదు. ప్రతిజీవియందును చైతన్యమొక్కటియే యని, అజ్ఞానావరణము ఎల్లవారికిని సమానమని చెప్పు శాస్త్రము, ఒక జనసమూహమునకు విచారశక్తియే లేదని యెట్లు చెప్పగలదు? తండ్రిపేరు తెలియని సత్యకామజాబాలుడు ఉన్నది ఉన్నట్లు పలికినందున గౌతముడు అతనిని శిష్యుడుగా స్వీకరించెను. కాశీవీథిలో ఎదురైన చండాలుని ప్రశ్న విని శంకరులు అతనిని గురువుగా భావించిరని సంప్రదాయము చెప్పుచున్నది. విచారశక్తి ఎవరికైనను కలదని ఈ రెండు వృత్తాంతముల సారము. కావున 'వారు ప్రలోభమునకు లొంగిరి' అని సులభముగా చెప్పువారు, తెలియకయే, వారిలోని యాత్మను తక్కువగా అంచనా వేయుచున్నారు. వారు విచారించియే వెడలిరేమో యను సంభావన కష్టమైనది. ఆ కష్టమును సహించుటయే ధర్మవిమర్శకు ఆరంభము.

అజరయ్య సిద్ధాంతము సర్వమును అంగీకరింపవలెనని దీని యర్థము కాదు. క్రీస్తు ద్వారముననే మోక్షమని, అన్యమార్గములు అసంపూర్ణములని ఆయన దృఢముగా నమ్మెను. పరబ్రహ్మము ఒకే వాకిలికి బద్ధమను మతమును వేదాంతి అంగీకరింపజాలడు. రుచిభేదముచేత, అధికారిభేదముచేత మార్గములు భిన్నములగుననియు, గమ్యము ఒక్కటియేననియు చెప్పుట సనాతనధర్మమునకు ప్రాణము. తాతముత్తాతలు మ్రొక్కిన గ్రామదేవతను కేవలాజ్ఞానముగా తోసివేసినప్పుడు ఆ మనుష్యుని చిత్తమున ఒక వేరు తెగును; తల్లి పాడిన పాట పరాయిదగును. ఈ నష్టమును ఆయన పూర్తిగా గణింపలేదని చెప్పవలసియున్నది. కులభేదము మతము మారినంతమాత్రమున పోలేదు. మాలక్రైస్తవులకును మాదిగక్రైస్తవులకును నడుమ వైషమ్యములు సంఘములోపలనే నిలిచినవి. ఆయన వానితో జీవితాంతము పోరాడవలసివచ్చినది. బాహ్యచిహ్నములు మార్చుట సులభము, అంతఃకరణశుద్ధి దుర్లభమను శాస్త్రవాక్యార్థము ఇచ్చటను రుజువైనది.

అయినను ఆయన ఈ దేశపు పరిమళమును తిరస్కరించినవాడు కాడు. డోర్నకల్‌లో దీర్ఘకాలము నిర్మింపబడి 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైన ప్రధానాలయమున హైందవదేవాలయపద్ధతి స్తంభములును, మహమ్మదీయశైలి గుమ్మటములును కలసియున్నవి. రాజకీయములందు, క్రైస్తవులకు ప్రత్యేకనియోజకవర్గములు వలదని ఆయన వాదించెను. మతసంఘము ఒక రాజకీయవర్గముగా చీలుట దేశమునకును మతమునకును హానికరమని ఆయన యాశయము. చీలిపోయిన క్రైస్తవశాఖలను ఏకము చేయుటకు 1919లో తరంగంబాడి సమావేశము మొదలు కృషి చేసెను. ఆ కృషి 1947 సెప్టెంబరు 27న దక్షిణభారతసంఘముగా ఫలించినది. దానిని చూచుటకు ఆయన జీవించియుండలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే దేహమును చాలించెను.

డోర్నకల్ ప్రధానాలయము తెఱవబడిన 1939లోనే, జూలై 8న, మదురలో వైద్యనాథయ్యరు నాయకత్వమున కొందఱు హరిజనులు మీనాక్షీదేవి ఆలయమున ప్రవేశించిరి. వారితో ఒక నాడారును ఉండెను. కముది వ్యవహారము జరిగిన నలువది రెండేండ్లకు అమ్మవారి సన్నిధి ఆ కులమువారికి లభించినది. ఆనాడు కొందఱు అర్చకులు కైంకర్యమును మాని దూరముగా నిలిచిరి. అంతకుముందు 1936 నవంబరు 12న తిరువాన్కూరు మహారాజు సంస్థానాలయద్వారములను ఎల్లహిందువులకును తెఱచెను. 1947లో మదరాసురాష్ట్రమున ఆలయప్రవేశశాసనము వచ్చినది. తిరుక్కోష్టియూరులో గోపురమెక్కి అష్టాక్షరిని ఎల్లరకు వినిపించిన రామానుజుల కథను శతాబ్దములుగా చెప్పుకొన్న సమాజము, ఆలయద్వారము తెఱచుటకు రాజాజ్ఞవఱకు, శాసనమువఱకు వేచియుండుట విచారకరము. లోపము సిద్ధాంతమున లేదు. అనుష్ఠానమున నున్నది. అది మఱింత దుఃఖకారణము.

శాసనము ద్వారమును తెఱవగలదు, పిలుపును ఇయ్యజాలదు. ద్వారము తెఱచియుండుట వేఱు, ఇంటికి వెళ్ళి రమ్మని పిలుచుట వేఱు. ఈ రెండవది స్వల్పముగానైనను జరుగుచున్నది. తిరుమల తిరుపతి దేవస్థానము 'దళితగోవిందము' పేర శ్రీవారి ఉత్సవమూర్తిని దళితవాడలకు వేంచేపు చేసినది. 2018లో హైదరాబాదు జియాగూడ రంగనాథాలయమున ఒక అర్చకుడు దళితభక్తుని భుజముపై మోసికొని సన్నిధికి తీసికొనిపోయి, లోకసారంగమునీంద్రుడు తిరుప్పాణాళ్వారును మోసిన వృత్తాంతమును ప్రత్యక్షము చేసెను. ఇవి శ్లాఘనీయములు. కాని ఉత్సవము ఒకనాటిది. అజరయ్య ఉపాధ్యాయుడు ఒకనాడు వచ్చి పోలేదు. ఆ వాడలోనే కాపురముండెను. రోగము వచ్చిన రాత్రి అతడు అచ్చటనే యుండెను, మరణము సంభవించిన ఉదయమునను అచ్చటనే యుండెను.

మతాంతరీకరణమును గూర్చి ఆవేదన చెందు ఆస్తికమహాశయులు కొన్ని ప్రశ్నలను తమకు తాము వేసికొనుట ఉచితము. గ్రామములోని దళితవాడలో నున్న రామమందిరమున నిత్యదీపారాధన జరుగుచున్నదా? అచ్చట శిశువునకు నామకరణము చేయుటకు, గృహప్రవేశము చేయించుటకు, మరణించినవానికి అపరక్రియలు జరిపించుటకు పిలిచినచో పురోహితుడు సంకోచము లేక వెళ్ళుచున్నాడా? వెళ్ళినవాడు ఆ యింట మంచినీరు త్రాగుచున్నాడా? ఆ వాడ బాలుడు విష్ణుసహస్రనామము నేర్వదలచినచో గురువు లభించుచున్నాడా? ఆలయముల ధర్మకర్తలు, వేదపాఠశాలల నిర్వాహకులు, ఉపన్యాసకులు ఈ ప్రశ్నలకు 'అవును' అని చెప్పగలిగిననాడు మతాంతరీకరణమును గూర్చిన చర్చకు అధికారము కలుగును. అంతవఱకు ఆ చర్చ ఇంటి తలుపులు వైచికొని, బయట నిలిచిన బంధువును ఎవరో తీసికొనిపోయిరని విలపించుట వంటిది.

అజరయ్య ఎడింబరోలో తన మతస్థులయిన ఐరోపీయులను అడిగినది స్నేహము. ఆయన పుట్టిన కులమువారు కముదిలో హిందువులను అడిగినది దర్శనము. రెండును ఒక్కటియే. తనయందున్న ఈశ్వరునే ఎదుటివానియందును చూడుమని ఆ రెంటి యర్థము. దీనిని ఉపనిషత్తులు ఏనాడో చెప్పియున్నవి. ఈ కార్తికమాసమున, దీపములు వెలిగించువేళ, ప్రతి ఆలయమునుండి ఒక్క అర్చకుడైనను ప్రమిదను చేతబట్టి ఊరివెలుపలి వాడకు నడచి, అచ్చటి ఇంటి గడపయొద్ద దీపముంచి, ఆ యింటివారితో కూర్చుండి మాటాడి, మఱుసటివారమును మరల వెళ్ళవలెను. శాసనములు సాధింపలేనిదానిలో కొంతభాగము ఆ నడకవలన సిద్ధించును.

స్వస్తి.